మందు గుంపు, మట్టి గుంపు

ఒక పెద్ద అడవిలో ఆ వేసవికి చెరువులన్నీ ఎండిపోయాయి. సరిగ్గా అప్పుడే ఏనుగుల మందకు పెద్దదిక్కైన కరిణమ్మకు తలనొప్పి పట్టుకుంది.

అది మామూలు తల కాదు. కొండ అవతల ఎప్పుడూ ఎండని మడుగుకు దారి ఆ తలలోనే ఉంది. వాళ్ల అమ్మమ్మ దగ్గరుండి నడిపించి చూపించిన దారి. ఇంకెవరికీ తెలియదు. తీరా బయలుదేరదామంటే కణతలు పోటెత్తి, కుడికో ఎడమకో తోచడం లేదు. పిల్లలు దాహంతో తొండాలు వేలాడేసి చుట్టూ నిలబడ్డాయి.

"గణపయ్యా, నీదీ ఈ తలే కదా తండ్రీ! నొప్పెలా ఉంటుందో నీకు చెప్పాలా?" అని దణ్ణం పెట్టుకుని, కరిణమ్మ తలనొప్పి పరిశోధన సంస్థకు వెళ్లింది.

సంస్థకు పెద్ద డాక్టరు జంబూకం అనే నక్క.

"నొప్పి ఎటువైపమ్మా?"

"తలవైపే నాయనా."

"ఎందుకొచ్చింది?"

"మీరు చెబుతారనే వచ్చాను."

"పేలండీ, పేలు! ఒక్కసారి చూడనివ్వండి," అంటూ అసిస్టెంటు కోతి అప్పటికే ఆమె నెత్తికెక్కేసింది.

"దిగవోయ్!" అని కసిరి నక్క వివరించింది. "కొత్త మందు పరీక్షిస్తున్నామమ్మా. సగంమంది నుదుటికి మందు పట్టిస్తాం. మిగతా సగానికి చెరువు అడుగున మిగిలిన ఉత్త తడిమట్టి. ఎవరికేది పట్టించామో ఎవరికీ చెప్పం. తర్వాత రెండు గుంపుల్నీ పోల్చి చూస్తే మందు సంగతి తేలిపోతుంది."

పద్ధతి బంగారంలా ఉంది. కానీ ఆ అడవిలో సిఫారసు లేకుండా సూర్యుడు కూడా పొడవడు.

మృగరాజుగారి బావమరిది చిరుతపులి మీసం దువ్వుకుంటూ వచ్చింది. "ఏమయ్యా జంబూకం, నాకు మట్టా? నేనెవరో తెలుసా?"

"అయ్యో బాబుగారూ! తమ నుదుటికి మట్టా? మందే!"

"తమకు తలనొప్పి ఉందాండీ?" అడిగింది కోతి.

"లేదు. లేకపోతే ఇవ్వరా?"

ఎలుగుబంటి వియ్యంకుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. తోడేలు అత్తవారి ఊరంతా వచ్చింది. ఎవరో ఒకరు తెలిసినవాళ్లంతా మందు గుంపులో చేరిపోయారు.

"నీకెవరైనా తెలుసా అమ్మా?" అడిగింది నక్క.

"గణపతి తెలుసు నాయనా."

"ఆయన ఏ శాఖ?"

కరిణమ్మ జవాబు చెప్పేలోపే మట్టి గుంపులో వేసేశారు.

మందంటే మిరియాలూ ఆవాలూ దురదగొండీ కలిపి మెత్తగా నూరిన ముద్ద. పట్టించడమే ఆలస్యం, చిరుతపులి చెట్టెక్కి దిగి మళ్లీ ఎక్కింది. ఎలుగు వియ్యంకులిద్దరూ ఒకరి నుదురు ఒకరు ఊదుకుంటున్నారు.

"తలనొప్పి తెలుస్తోందా బాబుగారూ?" కిందనుంచి అరిచింది నక్క.

"అసలు తల ఉందో లేదో తెలియడం లేదురా! నీళ్లు! నీళ్లు!"

"అయితే నయమైనట్టే!"

మట్టి చల్లదనానికి కరిణమ్మ నీడన హాయిగా కునుకు తీసింది. లేచేసరికి తల తేలికగా ఉంది. అమ్మమ్మ నడిచిన దారి కళ్లముందు కదిలింది. "పదండర్రా," అంది. మంద కదిలింది. వెనకాలే మందు గుంపు మొత్తం కుయ్యోమొర్రోమని పరుగెత్తింది.

మడుగులో పిల్లలు కడుపునిండా తాగి, పెద్దవాళ్ల మీద చిమ్మి కేరింతలు కొట్టాయి. చిరుతపులి మెడదాకా మునిగి, ఒడ్డున నిలబడ్డ నక్కను పిలిచింది.

"ఒరేయ్, ఈసారి నన్ను మట్టి గుంపులో వెయ్యి. మా బావగారితో చెప్పించనా?"

"క్షమించాలి బాబుగారూ. సిఫారసులతో అదీ నిండిపోయింది."

నీతి: అండ లేనివాడికి అప్పుడప్పుడూ రోగం నయమైపోతుంది కూడా.