డ్రాయింగ్ మాస్టరి వంటింటి అల్మారా

ఇంటి మగవాడు తన చేతులతో తానే వంటింట్లో అల్మారాలు బిగించడాన్ని మించిన దేశసేవ ఈ కాలంలో ఇంకొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి! ఆనకట్టలు కట్టడానికి ప్రభుత్వం ఉంది. రోడ్లు వేయడానికి కంట్రాక్టర్లు ఉన్నారు. వంటింటిని ఉద్ధరించడానికి ఎవరున్నారు? వంట చేసే ఆడవాళ్లు ఉన్నారు కదా అంటారేమో! పాపం, వాళ్లకు వంట చేయడంతోనే సరిపోతుంది. వంటింటి గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది? అందుకే ఆ బరువు వంటింట్లోకి ఏనాడూ తొంగిచూడని మగవాడి నెత్తిన పడింది.

నమ్మకం కుదరనివాళ్లు కరీంనగర్ వచ్చి పర్శరాములు మాస్టరి ఇల్లెక్కడని అడగండి. హైస్కూల్లో డ్రాయింగ్ నేర్పుతాడాయన. మనిషి పొడుగు, మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుంపట్టు. మొన్న చలికాలంలో హైదరాబాదు వెళ్లి నుమాయిష్ ఎగ్జిబిషన్ చూసొచ్చాడు. అందరూ అక్కడ మిఠాయి తిని, గాజులు కొనుక్కుని వస్తారు. ఈయన ఒక స్టాల్లో ‘ఆదర్శ వంటిల్లు’ చూసి, దాన్ని కళ్లల్లో పెట్టుకుని బస్సెక్కాడు. తెల్లటి గోడలు, గోడ పొడుగునా చెక్క అల్మారాలు, వాటి ముందు నవ్వుతూ నిలబడ్డ ఒక బొమ్మ ఇల్లాలు!

మాస్టరి వంటింట్లో అప్పటిదాకా అల్మారా అనే నాగరికత లేదు. గోడ వెంట కుదుళ్ల మీద కుండల దొంతులుండేవి, పెద్ద కుండ మీద చిన్న కుండగా. కందిపప్పు ఎందులో ఉందో, చింతపండు ఎందులో ఉందో ఆయన భార్య శంకరవ్వకు కళ్లు మూసుకున్నా తెలుసు. కళ్లు మూసుకోవడం ఆమెకు అలవాటే. ఆ గదికి కిటికీ లేదు. పొయ్యి అంటిస్తే పొగంతా లోపలే తిరిగి తిరిగి చివరికి ఆమె కళ్లల్లోకి చేరేది.

“గోడకు ఒక్క కిడికి పెట్టియ్యరాదు? కండ్లు మండుతున్నయ్,” అని కాపురానికొచ్చిన ఏడు మొదలు ఆమె అడుగుతూనే ఉంది. “చూస్త తియ్యి,” అని ఆయన అంటూనే ఉన్నాడు. నుమాయిష్ నుంచి వచ్చాక మాత్రం జవాబు మారింది.

“కిడికా? గోడ కరాబైతదే! గా గోడకే గదా నేను అల్మారా కట్టేది!”

చూశారా విశాల హృదయం! అడిగింది కిటికీ, ఇచ్చేది అల్మారా! అడిగినదే ఇచ్చేవాడు అంగడివాడు. అడగనిది ఇచ్చేవాడే కదా దాత?

ముందు నక్షా గీశాడు. రంగులద్దాడు. అందులో శంకరవ్వ బొమ్మ కూడా ఉంది, నుమాయిష్ బొమ్మలాగే నవ్వుతూ. అది ఎంత ముద్దొచ్చిందంటే అద్దం కట్టించి దివాన్‌ఖానాలో తగిలించాడు. ఆ ముందరి గదిని ఆయన అలాగే పిలుస్తాడు. వీధివైపు పెద్ద కిటికీ, దాని పక్కన ఆయన కుర్చీ, బొమ్మలు గీసుకునే బల్ల. ఇంటికున్న గాలీ వెలుతురూ అంతా అక్కడే కాపురముండేవి.

కట్టె కోసం పక్కింటి మక్బూల్ అడితికి వెళ్లాడు. “మాస్టర్ సాబ్, మా మిస్త్రీని తోలిస్త. జర చూసి పోతడు,” అన్నాడు మక్బూల్. మాస్టరికి రోషం వచ్చింది. “చిత్రం గీసే చేతికి చెక్క కోసుడో లెక్కనా?” అని రంపం ఒక్కటే అడిగి తెచ్చుకున్నాడు.

ఇక ఆ ఇంటికి పట్టిన మహర్దశ ఏమని చెప్పను! పని సాగినన్నాళ్లూ వంట వాకిట్లోకి వచ్చింది. వాన పడితే అన్నం చాలా సులువుగా జావ అయ్యేది. కూరలో రంపపు పొట్టు పడి, ఇంటిల్లిపాదికీ అడవితో సంబంధం పెరిగింది. మాస్టరి బొటనవేలికి కట్టు, దాని మీద ఇంకో కట్టు. గోడకు కొట్టిన ప్రతి మేకుకూ అటు పక్క పొరుగువాళ్ల పెరట్లో మట్టి పెళ్ల రాలేది. ఆ పెళ్లల వల్ల ఇరుగుపొరుగుతో రోజూ మాటామంతీ జరిగేది. ఇంతటి సంఘజీవనం మరెక్కడ దొరుకుతుంది?

అల్మారా లేచి నిలబడింది. అందమైనదే, కాదనను. మాస్టరు తన చెయ్యి చాపి, తన కంటికి ఆనేట్టు అరలు కట్టాడు. శంకరవ్వ ఆయన భుజం దాకా కూడా రాదు. ఉప్పు తీయాలంటే పీట, పప్పు తీయాలంటే పీట మీద పీట. అంతటి వ్యాయామం పాత దొంతుల్లో ఉందా? పైగా ఇంకో విశేషం. మన కుండల అడుగు గుండ్రం. అల్మారా అర బల్లపరుపు. కుదురు మీద బుద్ధిగా కూర్చునే కుండ, చెక్క మీద పెట్టగానే మెల్లగా దొర్లి, అంచు దాకా వచ్చి, క్షణం ఆగి, కిందికి దూకేది. జొన్నల కుండ అట్లాగే పోయింది. కారం కుండ పోయిననాడు వీధి వీధంతా తుమ్మింది.

మక్బూల్ భార్య హఫీజా పీట ఎరువిచ్చింది. అల్మారాను కిందినుంచి మీదిదాకా చూసి బుగ్గ నొక్కుకుంది.

“శంకరక్కా, గిది నీ కోసం కట్టిన అల్మారా కాదు. సాబ్ పొడుగుకు సాబే కట్టుకున్నడు. సాబ్‌నే గిండ్ల కూసోబెట్టు, ఫికర్ ఉండది!”

ఇద్దరూ నవ్వుకున్నారు. శంకరవ్వ నవ్వు కాస్త ముందుగానే ఆగిపోయింది. ఏదో ఆలోచన తట్టినట్టుంది.

ఇంతలో అసలు చిక్కు వచ్చిపడింది. వంటింటి మూలన కూరాడు ఉంది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి రోజూ పోసి పులియబెట్టే కుండ అది. పసుపు రాసి, బొట్టు పెట్టి, ఇంటి లక్ష్మిగా చూసుకుంటారు. ఒకసారి ఒకచోట కూర్చోబెట్టాక దాన్ని కదపరు. మాస్టరి తల్లి బుచ్చవ్వ తన కోడలికి అప్పగించిన కూరాడు. కొడుకు రంపం పట్టిననాడే ఆమె హెచ్చరించింది.

“ఏమన్న చేసుకో కొడుకా, కూరాడు జోలికి మాత్రం పోకు.”

పోలేదు! మాట తప్పని మనిషి. కూరాడును అంగుళం కూడా కదపకుండా, దాని చుట్టూ అల్మారా కట్టేశాడు. దానికొక తలుపు కూడా పెట్టాడు. అంతా ముగిశాక చూస్తే, కుండ మూతికి ఆనీ ఆనకుండా పైన ఒక అడ్డచెక్క ఉంది. నీళ్లు పోయడానికి చెంబు దూరదు. చెయ్యీ దూరదు.

“సచ్చిన! కూరాడును జైల్ల పెట్టినవురా!” అని బుచ్చవ్వ గుండెలు బాదుకుంది.

“గా చెక్క తీసెయ్,” అంది శంకరవ్వ.

ఆ చెక్క తీస్తే అల్మారా మొత్తం కూలుతుంది. దాని మీదే భారమంతా ఉంది. మాస్టరి ముఖం పాలిపోయింది. “జర ఇవతలికి జరుపుకోండ్రి, ఏమైతది?” అన్నాడు.

“కూసున్న కూరాడును జరుపుతరారా?” అని తల్లి గయ్యిమంది. కాసేపటికి ఆమే కొంచెం దిగివచ్చింది. “పండుగ నాడు దీన్ని సాగదోలి కొత్త కూరాడును నిలుపుకోవచ్చు. గని, గీ అర్రల జాగేది? అంత నీ అల్మారానే ఉండె.”

మాస్టరికి ప్రాణం లేచొచ్చింది. అల్మారా దక్కితే చాలు! “మీ ఇష్టం అవ్వా! ఏడ నిలుపుకుంటరో నిలుపుకోండ్రి. ఇల్లంత మీదే!” అన్నాడు.

“ఏడనన్ననా?” అంది శంకరవ్వ.

“ఏడనన్న!”

పండుగ నాడు మాస్టరు స్నానం చేసి దివాన్‌ఖానాలోకి వచ్చి నిలబడిపోయాడు. కుర్చీ లేదు. బల్ల లేదు. వీధి కిటికీ పక్కన, చల్లని గాలిలో, పసుపు రాసిన కొత్త కూరాడు కూర్చుని ఉంది. అవతల కొత్తగా అలికిన పొయ్యి. దొంతులన్నీ కుదుళ్ల మీద వరసగా ఉన్నాయి. శంకరవ్వ పప్పు ఎసట్లో వేస్తోంది, కళ్లు బాగా తెరిచి.

“గిదేందే? నా కుర్చేది?”

“నీ అల్మారా కాడ పెట్టిన. రంగులు, కాయితాలు గిట్ల అరలల్ల సదిరిన. నీ చెయ్యికి మంచిగ అందుతయ్.”

“కూరాడును జర ...”

“కూసున్న కూరాడును జరుపుతరా?” అంది ఆమె, అచ్చం అత్త గొంతుతో. అత్త దేవుడి అర్రలో ఏదో పని ఉన్నట్టు అటు తిరిగిపోయింది.

నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే. ఇంత అదృష్టం ఎవరికి దక్కుతుంది? తాను కట్టిన అల్మారా ముందు తానే కూర్చునే భాగ్యం! చీకటి గది. పాత వంటపొయ్యిని మాత్రం స్నానానికి నీళ్లు కాచేందుకు ఆమె అక్కడే ఉంచేసింది, దాని తప్పేముంది కనుక? మాస్టరు మానేరు ఒడ్డున సూర్యోదయం గీయబోతే, సూర్యుడి మీద మసి రాలింది. నీలం ఏదో నలుపేదో తెలియలేదు. కళ్లు ఎర్రబడ్డాయి. స్కూల్లో తోటి టీచర్లు, “ఇంట్ల ఏమన్న గొడవైందా మాస్టర్?” అని పరామర్శించారు.

ఆ వారం తిరగకముందే ఒక పొద్దున వంటింట్లోంచి ధడధడమని చప్పుడు. బుచ్చవ్వ, శంకరవ్వ పరుగెత్తారు. ఆదర్శ అల్మారా ముక్కలై నేల మీద పడి ఉంది. మాస్టరు గడ్డపారతో గోడ పొడుస్తున్నాడు. ఈసారి ఎవరినీ అడగలేదు. నక్షా గీయలేదు. నుమాయిష్‌కూ పోలేదు! గోడకు పడిన బొక్కలోంచి తెల్లని వెలుతురు వచ్చి ఆయన ముఖం మీద పడింది. ఆయన అక్కడే నిలబడి కడుపునిండా గాలి పీల్చుకున్నాడు. అడిగీ అడిగీ అలసిపోయిన గొంతు తెప్పించలేని కిటికీని, కొద్దిపాటి పొగ వారంలో తెప్పించింది.

కాబట్టి మహాశయులారా, మీ వంటింటికి అల్మారాలు తప్పక మీరే కట్టండి. కట్టాక, పొయ్యి వెలిగించి, తలుపు దగ్గరేసి కాసేపు లోపలే కూర్చోండి. మీ ఆవిడ ఇన్నేళ్లుగా ఏం అడుగుతోందో అప్పుడు మీకే చక్కగా వినబడుతుంది.

శంకరవ్వ ఆ కంతను చూసింది. మొగుడి ఎర్రటి కళ్లను చూసింది.

“గోడ కరాబ్ కాలేదా?” అని అడిగింది.

ఆయన తలవంచుకున్నాడు. గొంతు బాగా తగ్గించి, “కిడికి అయింది గదా. ఇగ నీ వంటర్రకు నువ్వు రా,” అన్నాడు.

ఆమె కొంగుతో ఆయన ముఖం మీది మట్టి తుడిచింది. తుడిచి, దివాన్‌ఖానా వైపు నడుస్తూ అంది.

“కూరాడు కదలది. అన్నమయినంక పిలుస్త, అక్కడికే రా.”