మోహనలో మధ్యమం

ఒక తప్పు స్వరాన్ని నూరుసార్లు వాయిస్తే అది ఒప్పయిపోతుంది, మునిసిపాలిటీ దానికి పట్టా ఇస్తుంది. ఊళ్లో ఇది ఎవరికీ వింత కాదు. అందుకే మంగళవారం ఉదయం స్వర క్రమబద్ధీకరణ శాఖ ఇన్‌స్పెక్టర్ భానోజీరావు ఫైలు పట్టుకుని గుమ్మంలోకి వస్తే, హైమావతి వీణ పక్కన పెట్టి కుర్చీ వేసింది.

"మీ మోహన వర్ణంలో ఒక మధ్యమం దూరింది మేడమ్. ఆ రాగంలో మధ్యమానికి చోటే లేదు కదా. నిన్నటికి తొంభై ఆరుసార్లు వాయించారు. ఇంకో నాలుగైతే పట్టా వచ్చేస్తుంది. అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి."

హైమావతికి ఒళ్లు మండింది, తన మీదే. శుక్రవారం ఈ వర్ణం సరిగ్గా వాయిస్తే దసరా కచేరీలో తన పక్కన కూర్చోబెట్టుకుంటానన్నారు గురువు రాజ్యలక్ష్మి గారు. ఆ మాట కోసం మూడేళ్లుగా కాచుకుని ఉంది.

"రోజూ గంటన్నర కూర్చుంటున్నానండీ. ఎలా దూరిందంటారు?"

"సాధన ఎలా చేస్తారు?"

"మొదట్నుంచి చివరిదాకా, వేగంగా. తప్పితే మళ్లీ మొదట్నుంచి."

"అందరూ అంతే. మా శాఖ నడిచేదే దానిమీద," అన్నాడాయన ఏ వెటకారమూ లేకుండా. తీసేయించే పద్ధతి ఫారం వెనకే ఉంది. తప్పు దగ్గరి నాలుగు స్వరాలే, నత్తనడకన, వరసగా నూరుసార్లు వాయించాలి. మధ్యలో తప్పితే లెక్క మళ్లీ ఒకటి నుంచి.

హైమావతికి ముందు విసుగేసింది. తర్వాత కుతూహలం పుట్టింది. పంచమం నుంచి గాంధారానికి దిగేటప్పుడు వేలు ఆ మధ్యమం మెట్టు మీదే ఎందుకు ఆగుతోంది? మూడుసార్లు లెక్క మొదటికొచ్చింది. నాలుగోసారి డెబ్భై దాటాక వేలు దానంతటదే మెట్టు దాటేసింది. గురువారం ఇన్‌స్పెక్టర్ కూర్చుని నూరూ విని, మధ్యమాన్ని ఖాళీ చేయించినట్టు ముద్ర కొట్టాడు.

శుక్రవారం రాజ్యలక్ష్మి గారు కళ్లు మూసుకుని విన్నారు. ఆ చోటు రాగానే తెరిచారు.

"అక్కడేదో పోయిందేమిటే?"

"మధ్యమం అమ్మా. తప్పని తీసేయించాను."

ఆవిడ లేచి, గోడకున్న ఫ్రేము దించి చూపించారు. అదే మధ్యమానికి పట్టా. యాభై ఏళ్ల కిందటిది. పైన ఆవిడ గురువు పేరు, కింద ఆవిడ పేరు.

"ఇది మన పాఠాంతరం, మా గురువు గారి నుంచి వచ్చిన బాణీ. నా దగ్గర నేర్చుకుని ఇది వదిలేస్తే నా పక్కన ఎలా కూర్చుంటావు?"

పుస్తకంలో అలా లేదని హైమావతి అనబోయింది. ఆవిడ పక్కన ఖాళీగా ఉన్న చాప కనిపించింది.

ఇంటికొచ్చి మళ్లీ కూర్చుంది. నాలుగు స్వరాలే, నత్తనడకన, మధ్యమంతో సహా. ఈసారి లెక్క ఒక్కసారి కూడా మొదటికి రాలేదు. పద్ధతి మంచిది, దేనికైనా పనిచేస్తుంది.

కొత్త పట్టా గోడకెక్కిన మర్నాడు రేడియోలో ఎవరో అదే వర్ణం వాయిస్తున్నారు. ఆ చోట మధ్యమం లేదు. పాపం, దిద్దేవాళ్లు ఎవరూ ఉన్నట్టు లేదు అనుకుంది హైమావతి.