వంతెనయ్యగారి నియోజకవర్గం

ప్రజలకు తెలియజేయడమేమనగా, జనాభా చాలనందున మన గ్రామీణ నియోజకవర్గాన్ని రద్దు చేసి, వాగుకు ఇవతలి ఊళ్లను ఒక పట్నానికీ, అవతలి ఊళ్లను మరో పట్నానికీ కలిపేశారు. ఈ వార్త విని ఎవరూ భోజనం మానలేదు, ఒక్క వంతెనయ్యగారు తప్ప.

ఆయన మన చిట్టచివరి శాసనసభ్యులు. వాగు మీద వంతెన వేయిస్తానని మొట్టమొదట గెలిచినాయనకు మనవడి వరుస. మధ్యలో గెలిచినవారూ, ఓడినవారూ ఆ మాటే చెప్పారు. నియోజకవర్గ చరిత్ర అంతా ఇంతే. అంతటి ఉమ్మడి ఆస్తిని ఎవరూ కట్టేసి పాడుచేయకుండా నాయకులంతా కంటికి రెప్పలా కాపాడుకొచ్చారు. వంతెనయ్యగారైతే ఏటా వాగును కొలిపించేవారు. వాగు కూడా సహకరించి అదే వెడల్పున ఉండేది.

రద్దయ్యాక ఆయన వరండాలో కుర్చీలు ఖాళీ అయ్యాయి. అర్జీలు లేక ప్రాణం ఉసూరుమంటుంటే, వంటింటి కుళాయి కారుతోందని భార్య చెప్పింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"పరిశీలిస్తాం," అన్నారు.

"మీరిప్పుడు మాజీ కదండీ, ఇక పని చేయొచ్చు," అందావిడ.

అంతలో ఘోరం జరిగింది. రెండు పట్నాల సభ్యులూ వాగు తమది కాదన్నారు. మాటిచ్చే నాథుడు లేకపోయేసరికి, జనం ఏం చేయాలో తోచక వంతెన వేసేసుకున్నారు. వడ్రంగి దుంగలు పరిచి మేకులు కొట్టాడు, తక్కినవాళ్లు మోశారు. పిల్లలు తడవకుండా బడికెళ్లారు. తనకు చెప్పకుండా పెళ్లి చేసుకున్న కూతుర్ని చూసినట్టు వంతెనయ్యగారు ఆ వంతెనను చూశారు. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

అయితే మన ప్రజలు కృతఘ్నులు కారు. రిబ్బను, కత్తెర పట్టుకుని ఆయన ఇంటికే వచ్చారు.

"ఎంతైనా పెద్దవారి చెయ్యి పడకపోతే, అది వంతెనలా అనిపించట్లేదండీ," అన్నాడు వడ్రంగి తల గోక్కుంటూ.

ఆయన కత్తిరించారు. పనిలో పనిగా ఉపన్యసించారు.

"ప్రియమైన సోదర సోదరీమణులారా, ఈ దుంగల మీద నడవాల్సిన ఖర్మ మీకేంటి? నియోజకవర్గాన్ని తిరిగి తెప్పించండి. పక్కా వంతెన పూచీ నాది."

చప్పట్లతో వాగు దద్దరిల్లింది. పక్కా వంతెన వస్తుంటే దుంగలకు మరమ్మతులు దండగని వడ్రంగి సుత్తి లోపల పెట్టేశాడు. వర్షాకాలం రాగానే వంతెన కొట్టుకుపోయింది.

ఇప్పుడు అన్ని ఊళ్లూ కలిసి నియోజకవర్గ సాధన సంఘం పెట్టుకుని ఉద్యమిస్తున్నాయి. నిన్న ఒక నిండు చూలాలిని ఆస్పత్రికి చేర్చడానికి, నలుగురు మగవాళ్లు మంచాన్ని భుజాలకెత్తుకుని మెడలోతు నీళ్లలో దిగారు. నడివాగులో ఉండగా గట్టు మీద వంతెనయ్యగారు కనిపించారు. నలుగురూ తలా ఒక చెయ్యి వదిలి ఆయనకు నమస్కరించారు. మంచం కాస్త ఒరిగింది గానీ, మర్యాద మాత్రం తప్పలేదు.