స్వశక్తి శిబిరానికి రెండో ట్రిప్పు

తమ పనులు తామే చేసుకోవడం పిల్లలకు నేర్పేందుకు నస్పూర్ అవతలి మామిడితోటలో వారం రోజుల స్కౌట్ వేసవి శిబిరం జరుగునని గోదావరిఖనిలోని ఒక బడి తల్లిదండ్రులకు సవినయంగా తెలియజేసింది. తేవలసినవి ఎనిమిదే వస్తువులు. ఎనిమిదో తరగతి దీప వాటిని పది నిమిషాల్లో సంచిలో సర్దుకుంది. ఇంట్లో ఇది ఎవరికీ నచ్చలేదు.

తల్లి తిరుమల సంచి బోర్లించి మళ్లీ సర్దింది. నాయనమ్మ సారలమ్మ సకినాలు, రెండు పచ్చళ్లు, వడదెబ్బకు ఉల్లిగడ్డలు చేర్చింది. పక్క క్వార్టరు గట్టయ్య టేబుల్ ఫ్యాను తెచ్చాడు. తోటలో కరెంటు లేదని దీప అంటే, "గాలి రాకున్నా పక్కనుంటె ధైర్యముంటది బిడ్డా" అన్నాడు. తండ్రి మొగిలి ఇరవై ఏళ్లుగా రోజూ బొగ్గుగనిలో మూడొందల మీటర్ల లోతుకు దిగే మనిషి. కూతురు గుడారంలో పడుకుంటుందన్న ఊహకే ఆయనకు అన్నం సహించలేదు.

"గుడారం ముడులు నేనే వెయ్యాలె బాపు. గందుకే పోతున్న" అంది దీప.

"నువ్వెందుకు బిడ్డా, నేనున్న గద" అని మొగిలి తాడు తీసుకుని, డ్యూటీ దిగాక మూడు రోజులు సాధన చేశాడు.

ప్రయాణానికి ముందురోజు బడి మైదానంలో సన్నాహక పరీక్ష జరిగింది. ముఖ్య అతిథి, రిటైరైన ఆఫీసరు భీమశంకరం గారు, ఒకరు గొడుగు పట్టగా, ఇంకొకరు నీళ్ల సీసా మూత తీసి అందించగా, స్వశక్తిపై నలభై నిమిషాలు ప్రసంగించారు. "బాలలారా, ఎవరిమీదా ఆధారపడకండి" అని ముగించి, వేదిక మెట్టు దిగడానికి చెయ్యి చాచారు. ఇద్దరు పట్టుకున్నారు.

పిల్లలు గుడారాలు వేయాలి. ఎండ నలభై ఆరు డిగ్రీలు. చూడలేక, వెంట వచ్చిన పెద్దలే వేశారు. మొగిలి గుడారం అన్నింటికన్నా బిగువుగా నిలిచింది గనుక స్వశక్తి బ్యాడ్జి దీపకు వచ్చింది.

"నేను ముట్టనే లేదు సార్."

ఈ వినయానికి మెచ్చి భీమశంకరం గారు ఇంకో బ్యాడ్జి ఇచ్చారు.

మర్నాడు సామాను ఎక్కించడానికి పెద్దలు బస్సెక్కారు. అక్కడ అన్నీ అమర్చి వద్దామని అందరూ కూర్చున్నారు. పిల్లలకు చోటు మిగలలేదు. "రెండో ట్రిప్పుల రాండ్రి, జల్ది పంపుతం" అన్నాడు మొగిలి కిటికీలోంచి. ఆ బస్సు గోదావరి వంతెన మీద మొరాయించింది.

మైదానంలో ముందురోజు వేసిన గుడారాలు ఇంకా ఉన్నాయి; వాటిని బస్సెక్కించడం పెద్దలు మరిచారు. దీప, మిగతా పిల్లలు వాటిని విప్పి నీడకు మార్చుకున్నారు. దీప గుడారం మొదటిసారి కూలింది, రెండోసారి ఒరిగింది, మూడోసారి నిలబడింది. దగ్గరి క్వార్టర్ల నుంచి బియ్యం, పప్పు తెచ్చి రాళ్ల పొయ్యి మీద వండారు. అన్నం అడుగంటింది. ఒక్క మెతుకు మిగల్లేదు. తాళ్లు లాగి దీప అరచేతులు కందాయి. ఆ మంట ఆమెకు ఎందుకో బాగుంది.

సాయంత్రం పెద్దలు తిరిగి వచ్చారు. మొగిలి గుడారం తాడు లాగి చూశాడు. ముడి కదల్లేదు.

"ఎవరేసిన్రు?"

"మేమే బాపు."

"అయ్యో, చేతులు కందినయి గద" అని ఆయన ఆ ముడి విప్పి, తానే మళ్లీ వేశాడు.

పిల్లలు ఒక్కరూ హాజరు కానందున శిబిరం రద్దయినట్టు భీమశంకరం గారు ప్రకటించారు. "ఈ కాలం పిల్లలు తోడు లేకుండా అడుగు వేయలేరని రుజువైంది. వచ్చే ఏడు ఒక్కొక్కరికి ఇద్దరేసి పెద్దలు రావాలి" అన్నారు. పెద్దలంతా చప్పట్లు కొట్టారు. మీరుంటే మీరూ కొట్టేవారు. పిల్లలు కొట్టలేదు. వాళ్లు గిన్నెలు తోముకుంటున్నారు.