అడుగున పడిన ఓటు

అడవి పెద్దదే. టీవీ మాత్రం ఒక్కటే. అడవిలోకి టీవీ ఎలా వచ్చిందని అడక్కండి. ఎన్నికలు వచ్చిన చోటికి టీవీ ఎలాగోలా వస్తుంది.

అది ఎలుగుబంటి గుహ ముందు, ఒక బండ మీద ఉండేది. ఎలుగుబంటి మా అడవికి పెద్ద. టీవీ నడిపేది నక్క, అందులో మాట్లాడేది చిలుక, ఎదురుగా కూర్చుని చూసేది మేము. నేను ముంగిసని. పాములతో తలపడిన జాతి మాది అని చెప్పుకుంటూ ఉంటాను గాని, ఈ కథలో నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకూ తేలిక.

మా దగ్గర ఓటంటే రాయి. పోటీకి నిలబడ్డవాళ్ళు ఒక చోటు చూపిస్తారు. వాళ్ళు కావాలనుకున్న జంతువులు తలా ఒక రాయి తెచ్చి అక్కడ వేస్తాయి. ఎవరి కుప్ప పెద్దదైతే వాళ్ళు అడవికి పెద్ద. మళ్ళీ ఎన్నికలు వచ్చినప్పుడు ఎవరి రాయి వాళ్ళు తీసి ఇంకొకరి ముందు పెట్టుకోవచ్చు. తీయకపోతే పాత ఓటే చెల్లుతుంది. బద్ధకస్తుల సౌకర్యం కోసం మా తాతలు పెట్టిన నియమం ఇది. మాకు బాగా నచ్చిన నియమం కూడా ఇదే.

పోయినసారి ఎలుగుబంటి చూపించిన చోటు, రెండు బండల మధ్య వాగు సన్నబడి కిందికి దిగే ఇరుకు. అందరి కళ్ళ ముందూ ఉంటుంది, మీ ఓటు మీకు రోజూ కనబడుతుంది అని చెప్పింది. మేము ఎగబడి వేశాం. ఏనుగు పెద్ద గుండు దొర్లించుకొచ్చింది. నేనొక గులకరాయి నోట కరుచుకొచ్చాను. సాయంత్రానికి కుప్ప కాస్తా కట్ట అయింది. పైన ఎలుగుబంటికి ఈతకొలను తయారైంది, కింద మాకు ఇసుక మిగిలింది.

మిగతావాళ్ళకు పరిగెత్తే కాళ్ళున్నాయి కాబట్టి కొండెక్కి, ఎలుగుబంటిని బతిమాలుకుని రోజుకు ఒకసారి తాగి వచ్చేవాళ్ళం. కింద మడుగులో ఉండే తాబేలు చుక్కమ్మకు ఆ వీలు లేదు. అందరం ఆమెను పిన్నీ అనేవాళ్ళం. ఆమెకు ఆ ఏడు పుట్టిన పిల్లలు తొమ్మిది. నడి వేసవికి వాళ్ళ మడుగు ఒక పళ్ళెమంత అయింది.

అంతలో ఎన్నికలు వచ్చాయి. పోలింగు ఏడు రోజులు. ఈసారి దుప్పి పోటీకి దిగి, వెదురు పొద దగ్గర చోటు చూపించింది. అందరూ రాళ్ళు తీసేస్తారేమోనని ఎలుగుబంటికి దిగులు పట్టుకుంది. అప్పుడు నక్క ఇచ్చిన సలహా నేను నా చెవులతో విన్నాను. టీవీ ముందు మంచి చోటు దొరకాలని ఆ రోజు పెందలాడే వెళ్ళి కూర్చున్నాను లెండి.

"దొరా, రాళ్ళు తీయొద్దని మాత్రం అనకండి. అంటే పౌరుషానికి తీస్తారు. తీయాలా వద్దా అని అడగండి. ఏడు రోజులూ అడుగుతూనే ఉండండి."

విన్నాను, నవ్వుకున్నాను, చోటు మాత్రం వదల్లేదు.

ఆ పూటే చర్చ మొదలైంది. కట్ట ఉండాలా, ఊడాలా? నెమలి విశ్లేషించేది. అడవిపంది బల్ల చరిచేది. దుప్పి తన వెదురు పొద వదిలేసి వచ్చి స్టూడియోలో కుర్చీ వేసుకుంది. చిలుక చిన్న విరామం అన్నా మేము లేచేవాళ్ళం కాదు, విరామం తర్వాత ఎవరు ఎవరి మీద పడతారో అని. ఎదురుగా కూర్చుని గొంతులు పోయేలా కట్టను తిట్టాం. ఇంటికి వెళ్ళేటప్పుడు ఏదో సాధించినట్టు ఒళ్ళు తేలిగ్గా ఉండేది. కట్ట అక్కడికి ఇరవై గజాలు. ఒక్కరూ దిగలేదు.

చుక్కమ్మకు టీవీ సంగతి తెలియదు. పోలింగు మొదలైందని, ఎన్నికలు నడిపే కాకి చెప్పగానే బయల్దేరి మూడో రోజుకు కట్ట చేరింది. తన రాయి కోసం వెతికింది. అది అట్టడుగున ఉంది. పోయినసారి తన నడక తనకు తెలుసు కనక అందరికంటే ముందు బయల్దేరి, అందరికంటే ముందు ఓటు వేసింది. ఇప్పుడు దాని మీద అడవి మొత్తం ఓట్లున్నాయి. మెడ చాచి లాగింది. రాయి కదల్లేదు. మళ్ళీ లాగింది.

నక్క కెమెరా పంపింది. సాయంత్రం టీవీలో చుక్కమ్మ కనిపించింది. వెనక విషాద సంగీతం, కింద ఎర్రక్షరాల్లో 'చుక్కమ్మ ఒంటరి పోరాటం'. మేము ఏడ్చాం. నటన కాదు, నిజంగానే ఏడ్చాం. ఏనుగు లేచి నిలబడి తొండమెత్తి దండం పెట్టింది. వెనకవాళ్ళు అడ్డం తప్పుకోమని అరిస్తే కూర్చుంది.

ఐదో రోజు చుక్కమ్మే పాక్కుంటూ మా దగ్గరికి వచ్చింది. పై రాళ్ళు మావని, మావి మేము తీసుకుంటే తనది వస్తుందని ఓపిగ్గా చెప్పింది.

"చూశాం పిన్నీ. నిన్నంతా టీవీలో నువ్వే," అన్నాను. "ఏడుపు ఆగలేదు మాకు."

"ఏడిస్తే ఏమొస్తుంది నాయనా. రండి."

"వస్తాం, ఇది అయిపోనీ. నీ గురించే మాట్లాడుతున్నారు."

ఆమె టీవీ వంక చూసింది. అందులో ఆమె లాగుతూనే ఉంది, రాయి కదలకుండానే ఉంది. తర్వాత నా వంక చూసింది.

"మడుగులో నీళ్ళు ఇంక రెండు రోజులకు కూడా రావు," అంది.

ఆ మాట నాకిప్పటికీ గుర్తొస్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం, తెర కనబడటం లేదు, కాస్త పక్కకు జరుగు పిన్నీ అన్నాను.

ఆమె వెనక్కి వెళ్ళిపోయి కట్ట పక్కన గట్టు మీద కూర్చుంది.

ఏడో రోజు మధ్యాహ్నం కొండ కొసన కుంభవృష్టి. కింద చినుకు లేదు. వచ్చిన నీళ్ళన్నీ కట్ట దగ్గర ఆగి, కొలను పొంగి, ఎలుగుబంటి గుహ నిండి, బండెక్కాయి. వందమందిలో తొంభై ఆరుగురు కట్ట తీయాలంటున్నారని చిలుక సర్వే ఫలితం చదువుతోంది. సరిగ్గా అప్పుడు బొమ్మ పోయింది.

ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. టీవీ మునిగిపోతోంది, నీళ్ళు దిగాలంటే కట్ట తీయాలి అని ఎవరో అన్నారు. ఆ అన్నది నేనే.

ఇక చూడండి. అడవి అడవంతా కట్ట మీద పడింది. ఏనుగు గుండు లాగి గట్టు మీదికి దొర్లించింది. కుందేళ్ళు కాళ్ళతో తవ్వాయి. నా గులకరాయి నేను తీసి గట్టు మీదికి విసిరాను. అందరికంటే ముందు దూకి, అందరికంటే ఎక్కువ రాళ్ళు పీకింది ఎలుగుబంటి. మునుగుతున్న గుహ దానిది, టీవీ దానిది. దొరా, అవి మన ఓట్లు అని నక్క గట్టు మీద నుంచి మొత్తుకుంటూనే ఉంది. ఆ హోరులో వినబడలేదు.

చిట్టచివరి రాయి చుక్కమ్మది. ఆమె అది తీసి గట్టు మీద తన ముందు పెట్టుకుని, నీళ్ళతో పాటు కిందికి వెళ్ళిపోయింది.

పొద్దుగుంకింది. పోలింగు ముగిసింది. కాకి లెక్కపెట్టింది. ఎలుగుబంటి చోట ఒక్క రాయి లేదు. వెదురు పొద దగ్గరా లేదు, అక్కడ చోటు చూపించిన సంగతి దుప్పికే గుర్తు లేదు. రాళ్ళన్నీ చుక్కమ్మ కూర్చున్న గట్టు మీద, ఆమె పెట్టుకున్న రాయి చుట్టూ పడి ఉన్నాయి. కుప్ప ఎవరి ముందుంటే ఓట్లు వాళ్ళవే. నియమం నియమమే కాబట్టి ఆమె అడవికి పెద్ద అయిందని కాకి ప్రకటించింది.

ఆ మాట చెప్పడానికి మర్నాడు మడుగు దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు నిండుగా ఉన్నాయి. పిల్లల్ని లెక్కపెట్టాను. ఏడే ఉన్నాయి. మిగతా రెండింటి కోసం మడుగంతా చూసి, నువ్వే మా పెద్దవి పిన్నీ అని చెప్పి వచ్చేశాను.

టీవీని నాలుగు రోజులు ఎండబెడితే మళ్ళీ పలికింది. మొదటి చర్చ 'కట్ట తెంచింది ఎవరు?' సీనియర్ ఉద్యమకారుడినని నన్ను పిలిచారు. వెళ్ళాను. చుక్కమ్మను ఎందుకు పిలవలేదని చిలుకను అడిగాను కూడా.

"ఆమె వచ్చేసరికి మూడు రోజులు పడుతుందండి. అప్పటికి టాపిక్ మారిపోతుంది," అంది చిలుక, నా మొహానికి పౌడరు అద్దుతూ.

నీతి: బొమ్మ కనబడుతున్నంత కాలం ఎవరి కష్టాన్నయినా ఓర్చుకోవచ్చు.