టీపీ అంటే ఎవరు?

సూర్యాపేట ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ చూసే తిరుమలేష్ ఆ ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. హైదరాబాద్ నుంచి తనిఖీ కమిటీ వస్తోంది. వాళ్లు మెచ్చుకుంటే అతని కాంట్రాక్టు ఉద్యోగం పర్మనెంటవుతుంది.

మెచ్చుకోవడానికి ఒక ఏర్పాటు చేశాడు. ఇక ప్రింటర్ల నంబర్లు గుర్తుంచుకోనక్కర్లేదు. పేరు కొడితే ఆ ప్రింటరు ఎక్కడుందో నెట్‌వర్క్‌లో పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్‌ఎస్సే వెతికి పెడుతుంది. ప్రిన్సిపాల్ టి. పాండురంగాన్ని అందరూ టీపీ సార్ అంటారు. అందుకే ఆయన ప్రింటరు పేరు 'టీపీ'.

"సార్, మీ ఉపన్యాసం టీపీకి కొట్టుండ్రి. మీ టేబుల్ మీదికే వస్తది."

మొదటి పేజీ వచ్చింది. రెండోదీ వచ్చింది. బయట కమిటీ కారు ఆగడంతో పాండురంగం చూడకుండానే రెండూ పట్టుకొని హాలుకు పరుగెత్తారు.

అంతలో క్యాంటీన్ నడిపే జోసెఫ్ ఫోను.

"తమ్మీ, జర ఉరికి రా! ఉప్మా టోకెన్ కొడితే 'గౌరవనీయ అతిథులకు' అని వచ్చింది. గౌరవనీయ అంటే ఎన్ని ప్లేట్లు?"

"అన్నా, నీ ప్రింటర్ పేరేంది?"

"మనది టీ పాయింట్ గద. ల్యాబుల ప్రత్యూష మేడం టీపీ అని పెట్టింది."

తిరుమలేష్‌కు సంగతి అర్థమైంది. ఒకే పేరుకు రెండు చిరునామాలుంటే డీఎన్‌ఎస్ గొడవపడదు. ఒకసారి ఇది, ఒకసారి అది చెబుతుంది. ల్యాబుకు ఉరికాడు.

"ఏం పని జేసినవ్ ప్రత్యూషా!"

"జోసెఫన్న అడిగిండు, పెట్టిన. ఆ పేరు ముందే ఉందని నాకు ఎవరు జెప్పిండ్రు?"

క్యాంటీన్ చిరునామా తీసేశాడు. కానీ కంప్యూటర్లు పాత జవాబును కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. హాలు చేరేసరికి పాండురంగం గంభీరంగా చదువుతున్నారు.

"మా కళాశాల మీకు సవినయంగా సమర్పించునది..." పేజీ తిప్పారు. "ఉప్మా మూడు, ఉల్లి దోశ రెండు, చాయ్ ఐదు."

తిరుమలేష్ కళ్లు మూసుకున్నాడు. కమిటీ అధ్యక్షురాలు సుమిత్ర లేచింది.

"పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు సార్. ఉపన్యాసంలోనే టిఫిన్ పెట్టిన ప్రిన్సిపాల్‌ను ఇప్పుడే చూస్తున్న! ఆర్డరు మీ చేతికెట్ల వచ్చింది?"

పాండురంగం కాగితం వంక చూసి, గొంతు సవరించుకున్నారు. "మా నెట్‌వర్క్ మేడం. టేబుల్ మీదికే వస్తది. తిరుమలేష్ జేసిండు."

దోశలయ్యేసరికి తిరుమలేష్‌ను పర్మనెంట్ చేయమని సుమిత్ర సిఫారసు చేసేసింది. పాండురంగం తన గదికెళ్లి ఉత్తర్వు ప్రింటు కొట్టారు. రాలేదు. తిరుమలేష్ ఫోను మాత్రం మోగింది.

"తమ్మీ, నీ పేరు మీద పర్మనెంట్ ఆర్డర్ వచ్చింది" అన్నాడు జోసెఫ్. "గీడనే తింటవా, పార్సిల్ కట్టాల్నా?"