గడియ లేని గది

నాగరికత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే తడుముకోనక్కర్లేదు. లోపల గడియ పెట్టుకోగలిగిన బాత్రూమే నాగరికత. తక్కినవన్నీ హంగులు.

ఆ లెక్కన మూడో అంతస్తు ఇల్లాలు వేసవి మొదట్నుంచీ అనాగరికంగా బతుకుతోంది. చెమ్మకి అడుగున ఉబ్బిపోయిన పాత తలుపుని, కొలతలకి పనికొస్తుందని వాళ్లాయన ఊడబెరికి, భుజాన వేసుకుని తలుపుల కొట్టుకి మోసుకెళ్లాడు. (టేపు ఇంట్లోనే ఉంది. దాన్ని నమ్మడం ఆయనకి నామోషీ.) కొట్టువాళ్లు దాన్ని పాత సామాను మార్పిడి కింద జమకట్టి, అక్కడికక్కడే తుక్కు చేసి, ఆయన చేతిలో టోకెన్ పెట్టారు.

అప్పట్నుంచీ బాత్రూమ్ గుమ్మానికి దుప్పటే దిక్కు. లోపలున్నవాళ్లు పాడుతూ ఉండాలి. పాట ఆగితే ఖాళీ అని అర్థం. అత్తగారికి పాటలు రావు గనక ఎక్కాలు చదువుతుంది. మొహం నిండా సబ్బుతో ఇల్లాలు చరణం మర్చిపోయి, మరిది దుప్పటి ఎత్తబోయిన రోజున ఆవిడ మొగుడితో ఒక్కటే మాట అంది.

"నాకు తలుపు కావాలి. వేసుకునే తలుపు."

"కంగారుపెట్టకు. తలుపంటే జీవితకాలపు నిర్ణయం," అన్నాడాయన.

ఆయనకి తలపులకి లోటు లేదు, తలుపుకే. టేకు నానుతుంది, అల్యూమినియం మోగుతుంది, పీవీసీ మరీ పల్చన. చివరికి ఫ్లష్ డోర్ దగ్గర ఆగాడు. పేరులోనే ఫ్లష్ ఉంది గనక అది బాత్రూమ్ కోసమే పుట్టిందని ఆయన గట్టి నమ్మకం.

"అది పడగ్గదికండీ," అని కొట్టులోని తలుపుల స్వభావ నిర్ధారణాధికారి తిప్పి పంపాడు. తగని తలుపు ఎవరికీ అమ్మరాదని ఆ కొట్టు నియమం. తిరిగొచ్చినవాళ్లు మళ్లీ క్యూ చివర నిలబడాలి. (క్యూ ఉన్న హాలుకి మాత్రం గాజు తలుపులు. అడక్కుండానే తెరుచుకుంటాయి.) ఈసారి పీవీసీకి దిగొచ్చి దరఖాస్తు పెట్టాడు. అది లోపలికి తెరుచుకోవాలా, బయటికా అన్నదానిపై కుటుంబం ఏకాభిప్రాయం చెప్పాలన్నారు. అత్తగారు లోపలికంది, మరిది బయటికన్నాడు. ఇక అసలు అవసరం ఉందో లేదో తేల్చడానికి అధికారే ఇంటికొచ్చాడు.

వచ్చీ రాగానే మొహమాటంగా అడిగాడు. "అమ్మా, ఒకసారి బాత్రూమ్..."

"వెళ్లండి బాబూ. పాడుతూ వెళ్లండి," అంది ఇల్లాలు.

"నాకు పాటలు రావమ్మా."

"ఎక్కాలైనా పర్లేదు నాయనా," అంది అత్తగారు కుర్చీలోంచి.

పదమూడో ఎక్కం దాకా స్పష్టంగా వినిపించింది. మధ్యలో ఒక తప్పు అత్తగారు సరిదిద్దింది.

అధికారి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "నేనుండగా ఎవరూ లోపలికి రాలేదు కదమ్మా?"

"రాలేదు."

"తలుపు చేసే పనీ అదే కదా."

దుప్పటి అనేది మెత్తని తరగతికి చెందిన, పక్కకి జరిపే రకం తలుపనీ, అవసరం తీరినందున దరఖాస్తుని మూసివేయడమైనదనీ నిలబడే రాసిచ్చాడు.

"చూశావా," అన్నాడు వాళ్లాయన తృప్తిగా. "మోగదు, చెదపట్టదు. ఎటైనా తెరుచుకుంటుంది."

ఇల్లాలు తువ్వాలు భుజాన వేసుకుని లోపలికెళ్లి, రెండో ఎక్కం మొదలుపెట్టింది.

ఆ ఇంట్లో ఇన్నాళ్లకి మూతపడింది ఆ దరఖాస్తు ఒక్కటే.